విద్యార్థుల మనోభారము — ఎఱుకతోడి ధ్యానము

(మన సంఘ వార్షిక మహాసభయందు విద్యావిషయక సమావేశమున గావించిన ఉపన్యాసము)



ఈ మహాసభయందు మన విద్యార్థులనుగూర్చి నాలుగు మాటలు చెప్పుమని ఆహ్వానసంఘమువారు మమ్ము ఆజ్ఞాపించిరి. వారికి మా కృతజ్ఞతాపూర్వక వందనములు. ఈ వేదికపై మాటలాడుటకు మాకు గల యర్హత యొక్కటియే. మేము పండితులము గాము; యోగులము అంతకంటెను గాము. ఏండ్లతరబడి కళాశాలయందు పాఠములు చెప్పి, ఉద్యోగవిరమణానంతరము మన సంఘ విద్యార్థివసతిగృహమునకు పర్యవేక్షకులముగా నున్నవారము. పిల్లలు తినుచున్నారా, నిద్రించుచున్నారా, చదువుచున్నారా యని చూచుట మా పని. ఆ చూచుటయందు మేము చేసిన యొక పొరపాటును, దానివలన నేర్చిన యొక పాఠమును మీకు విన్నవించుటకే నేడు మీయెదుట నిలిచితిమి.

మన పెద్దలు ఈ సంఘమును స్థాపించిన నాడు వారి కన్నులయెదుట నున్న కష్టము వేఱు. పల్లెనుండి పట్టణమునకు చదువుకొన వచ్చిన బాలునకు తలదాచుకొన చోటు లేకుండెను. రెండుపూటల అన్నము లేకుండెను. పుస్తకములు కొన సొమ్ము లేకుండెను. అందులకై వారు చందాలు వేసికొని, ఇంటింటికి తిరిగి ధాన్యము సేకరించి, వసతిగృహము కట్టిరి. ఆ కష్టము నేటికిని పూర్తిగా తీరలేదు గాని చాలవఱకు తగ్గినది. దాని స్థానమున మఱియొక కష్టము వచ్చినది. దానిని గోడలు కట్టి ఆపలేము. అన్నము పెట్టి తీర్చలేము. అది బాలుని మనస్సులోపల నుండును. పిల్లలు దానిని స్ట్రెస్సని యందురు. మేము మనోభార మనుచున్నాము.

మొదట జరిగిన సంగతి చెప్పి, తరువాత విషయమునకు వత్తుము.

కొన్నియేండ్ల క్రిందటి మహాసభయందు ఇట్టి వేదికమీదనే మన మొక బాలుని సన్మానించితిమి. కౌలురైతు కొడుకు. ఇంటర్మీడియట్టులో మంచి మార్కులును, ప్రవేశపరీక్షలో మంచి ర్యాంకును సంపాదించినవాడు. శాలువ కప్పితిమి, వెండిపతక మిచ్చితిమి, ఆ యేటి సంచికలో ఫోటో వేసితిమి. నగరమున ఇంజనీరింగు కళాశాలలో చేరి, అతడు మన వసతిగృహముననే దిగెను. పేరు చెప్పము. కథ చెప్పుటకు మాత్రము అతడే యనుమతించెను.

పదవతరగతివఱకు తెలుగుమాధ్యమమున చదివిన బాలునకు ఇచ్చట పాఠములన్నియు ఇంగ్లీషున నుండెను. ఊరిలో మొదటివాడైనవాడు ఇచ్చట నలువదవవాడయ్యెను. మొదటి సెమిస్టరున మూడు విషయములలో తప్పెను. ఏ విషయమునందైన తప్పినవారికి తరువాతి విడత విద్యార్థివేతనము నిలుపవలె ననునది మన నియమావళి. నిలుపుచున్నామని వ్రాసిన యుత్తరముమీద చేవ్రాలు చేసినవారము మేమే. అంతటితో నూరకుండక, బాలుని పిలిపించి మందలించితిమి. "మన కులమంతయు నీమీద ఎంత ఆశ పెట్టుకొన్నది! నీ తండ్రి ముఖము తలచుకొనుము. సంఘము పరువు నిలుపుము నాయనా" అంటిమి. అతడు తల వంచుకొని "అట్లే మాస్టారూ" అనెను. మేము దానిని వినయ మనుకొంటిమి.

పదిదినములు గడచిన పిమ్మట ఒకనాటి రాత్రి అతని గదిలోని మిత్రుడు మా తలుపు తట్టెను. "మాస్టారూ, వాడు నాలుగుదినములుగా భోజనమునకు వచ్చుట లేదు. రాత్రులు పండుకొనుట లేదు. నేనుండి ఏమి లాభమని యనుచున్నాడు" అని చెప్పెను. మేము వెంటనే గదికి పోయి యతని ప్రక్కను కూర్చుంటిమి. చాలసేపు అతడు మాటలాడలేదు. తుద కనిన మాట మా చెవులలో నేటికిని మ్రోగుచున్నది. "మాస్టారూ, మీరు నా ఫోటో పుస్తకములో వేసితిరి. ఆ పుస్తకము మా యూరిలో చాల యిండ్లలో నున్నది. ఇక నేను ఊరికి ఎట్లు పోదును?"

ఆ రాత్రి అతనిని ఒంటరిగా విడువలేదు. తెల్లవారగనే మానసికవైద్యుని యొద్దకు కొనిపోతిమి. వైద్యుడు మందు వ్రాసి యిచ్చెను. వారమున కొకమాఱు రమ్మనెను. తండ్రిని పిలిపింపు మనెను. కొన్ని నెలలకు బాలుడు కుదుటబడిన తరువాతనే, ఇకమీదట ఇట్టి స్థితి మరల రాకుండ శ్వాసనుగమనించు ధ్యానాభ్యాసము ప్రయత్నింపవచ్చునని చెప్పెను. ముందు వైద్యము, పిమ్మట ధ్యానము. ఈ క్రమమును సభ్యులు గుర్తుంచుకొన వేడుచున్నాము. మా యుపన్యాసమునకు ఇది పునాది.

ఇక విషయము. మనోభారమనగా నేమి? 1915లో వాల్టర్ కానన్ అను అమెరికా శరీరశాస్త్రజ్ఞుడు, ఆపద యెదురైనపుడు ప్రాణి శరీరము పోరాడుటకో పాఱిపోవుటకో తన్నుతాను సిద్ధపఱచుకొనునని విశదీకరించెను. 1936లో కెనడాదేశమున మాంట్రియలునందు పనిచేయుచుండిన హాన్స్ సెల్యే, ఆ సన్నాహము ఎడతెగక సాగినచో శరీరమునకే కీడు చేయునని ప్రకటించెను. మూత్రపిండములపై నుండు అడ్రినల్ గ్రంథులనుండి అడ్రినలిన్, కార్టిసాల్ అను రసములు రక్తమున కలియును, గుండె వేగముగా కొట్టుకొనును, కండరములు బిగియును, ఆకలి చచ్చును, నిద్ర పట్టదు. త్రోవలో పాము కనబడినపుడు ఈ యేర్పాటు ప్రాణము కాపాడును. పాము పోయిన తరువాత గుండె నెమ్మదించును. కాని నేటి విద్యార్థికి కనబడు పాము పోవునది గాదు. పరీక్ష యొకటి పోయిన మఱియొకటి వచ్చును. హాజరు శాతము, బ్యాక్‌లాగులు, ప్రాంగణనియామకములు, బ్యాంకు ఋణము, చరవాణిలో తోడివారి విజయముల చిత్రములు — ఇవి నడిరేయియందును ఎదుట పడగ విప్పియుండును.

కొంచెము భారము మేలే. పరీక్ష ముందున్నదను తలపు లేనిచో పుస్తకము తెఱచువా డెవ్వడు? వీణతీగె వదులైనను పలుకదు, మిక్కిలి బిగించినను తెగును. భారమును లేకుండ చేయుట మన యుద్దేశము గాదు. తీగె తెగకుండ చూచుట మాత్రమే.

అందులకు నేడు దేశదేశములందు వాడుకలోనికి వచ్చిన సాధన మొకటి కలదు. దానిని ఇంగ్లీషున మైండ్‌ఫుల్‌నెస్ అందురు. ఆ పదము వెనుక నున్నది పాళీభాషలోని సతి యను మాట, సంస్కృతమున స్మృతి. మన తెలుగున దానికి ఎఱుక యను చక్కని మాట కలదు. ఇపుడు జరుగుచున్నదానిని, మంచిదని పట్టుకొనక, చెడ్డదని త్రోసివేయక, ఉన్నదున్నట్లు గమనించుటయే యెఱుక. బౌద్ధవాఙ్మయమున మజ్ఝిమనికాయమునందలి సతిపట్ఠానసుత్తము, ఆనాపానసతిసుత్తము అనునవి ఈ యభ్యాసమునకు మూలములు. ఆనాపాన మనగా ఉచ్ఛ్వాసనిశ్వాసములు.

ఇది పరదేశపు క్రొత్తపోకడ యని కొందఱు పెద్దలు శంకింపవచ్చును. అయ్యా, కృష్ణాతీరమున అమరావతియందును, ఇక్ష్వాకుల కాలమున నాగార్జునకొండయందును, విశాఖపట్టణము చెంత తొట్లకొండ, బావికొండలయందును శిథిలములై యున్న విహారములను తిలకింపుడు. వరుసలుగా నున్న చిన్నచిన్న గదులు కనబడును. నాడు అచ్చట గురువులయొద్ద శిష్యులు నివసించిరి. అవి యొకవిధమున నాటి విద్యార్థివసతిగృహములే. ఆ భిక్షువుల సంప్రదాయమునందు ఈ యభ్యాసము ముఖ్యమైనది. మన నేలమీద తొల్లి యుండినదే చుట్టు తిరిగి మన యింటికి వచ్చినది.

వచ్చిన త్రోవలు ప్రధానముగా రెండు. బర్మాదేశమున మాండలే నగరమున 1924లో జన్మించిన సత్యనారాయణ గోయెంకాగారు, అచ్చట ఊబాఖిన్ అను గురువుకడ విపశ్యన నేర్చి, 1969లో భారతదేశమునకు వచ్చి బోధింప మొదలిడిరి. పదిదినముల మౌనశిబిరము వారి పద్ధతి, రుసుము లేదు. హైదరాబాదునందును, నాగార్జునసాగరమునందును వారి సంప్రదాయమునకు చెందిన కేంద్రములు గలవు. రెండవత్రోవ వైద్యశాలది. అమెరికాలో మసాచుసెట్సు విశ్వవిద్యాలయ వైద్యకళాశాలయందు జాన్ కబాట్-జిన్ అను శాస్త్రజ్ఞుడు, దీర్ఘకాలిక బాధలతో నలగుచున్న రోగులకొఱకు 1979లో ఒక శిక్షణ నారంభించెను. ఎనిమిది వారములు, వారమునకొక తరగతి, సుమారు రెండున్నర గంటలు, ఇంటికడ ప్రతిదినము ముప్పాతికగంట యభ్యాసము. మతవిశ్వాసముతో ప్రమేయము లేకుండ, ఏ మతమువారైనను చేయదగినట్లు దాని నతడు మలచెను. విశ్వవిద్యాలయములలో నేడు నేర్పు శిక్షణలలో పెక్కు దీని ననుసరించి కుదించినవే.

అభ్యాసము చేయువిధము చెప్పుదుము, కఠినమైనది గాదు. వెన్ను నిటారుగా నుంచి, కుర్చీమీదనో చాపమీదనో కూర్చుండవలయును. కన్నులు మూసికొనవచ్చును, మూసికొన వెఱచువారు నేలపై చూపు నిలుపవచ్చును. ఊపిరిని బిగబట్టనక్కఱలేదు, లెక్కింపనక్కఱలేదు. ముక్కుపుటములకడనో, పొట్టకడనో, గాలి వచ్చుచు పోవుచు నున్నట్లు తెలియుచోట దృష్టి నిలుపవలయును. రెండు శ్వాసలైన గడువకమునుపే మనస్సు ఎచ్చటికో పోవును: రేపటి పరీక్షకో, ఇంటికో, మెస్సులోని పులుసుకో. పోయెనని తెలిసినపుడు తన్నుతాను తిట్టుకొనక, మెల్లగా మరల శ్వాసకడకు తెచ్చుకొనవలయును. ఇదియే యంతయు. మనస్సు నూఱుమాఱులు పోయిన నూఱుమాఱులు తెచ్చుకొనుటయే యభ్యాసము. ఆలోచనలు లేకుండ చేయుటయే ధ్యానమని తలచువారు రెండవదినముననే విసిగి మానుకొందురు.

దీనివలన ఏమి యగును? రెండు పనులు జరుగును. మొదటిది దేహమునకు. ఉచ్ఛ్వాసమున గుండె కొంచెము వేగముగాను, నిశ్వాసమున కొంచెము నెమ్మదిగాను కొట్టుకొనుట ప్రకృతిధర్మము. కుదురుగా కూర్చుండి శ్వాసను గమనింపగా అది తనంతట తాను నెమ్మదించి దీర్ఘమగును. బిగిసిన దేహము సడలును. రెండవది మనస్సునకు; ఇదియే ముఖ్యము. "గణితమున తప్పితిని" అనునది జరిగిన సంగతి. "నేను పనికిరానివాడను" అనునది కేవల మొక యాలోచన. కలతపడిన బాలునకు ఈ రెంటికి భేదము తెలియదు. రెంటిని నిజమనియే నమ్మును. శ్వాసకడ కూర్చుండి, వచ్చిపోవు తలపులను తీరమునుండి పడవలను చూచినట్లు చూచుట నేర్చినవానికి, "ఇదియు నొక తలపు, వచ్చినది, పోవును" అను నెఱుక కలుగును. ఆ యొక్క యెఱుక నడిరేయివేళ బాలుని ప్రాణమునకు అండయగును.

మన వసతిగృహమున మేము దీనిని ప్రారంభించిన విధము విన్నవింతుము. శిక్షణ పొందిన యొక యుపాధ్యాయురాలు ఆదివారములలో వచ్చి ఎనిమిది వారములు నేర్పెను. తొలిదినమున భోజనశాల నిండెను. రెండవవారమున సగము ఖాళీ యయ్యెను. ఆ శిక్షణలో ఎండుద్రాక్ష నొకదానిని చేతబట్టి, చూచి, వాసన చూచి, మెల్లగా నమలి తినుట యొక పాఠము. మేము వేయించిన వేరుసెనగగింజ నిచ్చితిమి. పిల్లలు నవ్విరి. ఒకడు మాత్రము, "మాస్టారూ, నేను ఈ సంవత్సరమంతయు చరవాణి చూచుచునే తింటిని, ఏమి తింటినో యెఱుగను" అనెను. కొందఱు కూర్చుండి నిద్రపోయిరి. వారిని మేము గద్దింపబోగా ఉపాధ్యాయురాలు వారించి, "వీరికి ధ్యానముకంటె ముందు నిద్ర కావలెనండీ" అనెను. ఆ మాట నిజము. ఆనాటినుండి రాత్రి పదునొకండు గంటలకు పఠనశాల దీపము లార్పించుచున్నాము. తుదవఱకు నిలిచినవారు సగముకంటె తక్కువ. మేమును వారితోకూడ కూర్చుంటిమి. మాకును మనస్సు నిలువలేదని వారితో చెప్పితిమి. పర్యవేక్షకునకును నిలువలేదని విన్నప్పుడు పిల్లల ముఖములు వికసించెను.

ఇది మా యనుభవము. ఒకరిద్దఱి యనుభవమును శాస్త్రమనుట తగదు. కావున పరిశోధకులు చెప్పినది వినుడు. ఇంగ్లండున కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున స్వచ్ఛందముగా వచ్చిన 616 మంది విద్యార్థులను చీట్లు వేసినట్లు రెండు గుంపులుగా విభజించిరి. ఒక గుంపునకు ఎనిమిదివారముల శిక్షణ నిచ్చిరి. రెండవగుంపునకు విశ్వవిద్యాలయమున ఎల్లప్పుడు నుండు సలహాసహాయములు మాత్ర ముండెను. పరీక్షల కాలమున ఉభయుల మనఃస్థితిని కొలిచిరి. శిక్షణ లేనివారిలో నూటికి 57 మంది, శిక్షణ పొందినవారిలో నూటికి 37 మంది, వైద్యదృష్టితో గమనింపదగినంత కలతతో నుండిరి. ఈ ఫలితము 2018లో లాన్సెట్ వైద్యపత్రికాకుటుంబమునకు చెందిన ప్రజారోగ్యపత్రికయందు వెలువడెను. నూటికి ఇరువదిమంది భేదము స్వల్పము గాదు. అయినను, శిక్షణ పొందిన పిదపను ముప్పదియేడుగురు కలతతోనే యుండిరని మఱవరాదు. ధ్యానము మంచి యౌషధమే గాని సర్వరోగనివారిణి గాదు.

రెండవ పరిశోధనయు నంతే ముఖ్యము. బ్రిటనుదేశమున 85 పాఠశాలలలో ఎనిమిదివేలకు పైబడిన బాలబాలికలపై జరిగిన గొప్ప పరీక్ష ఫలితము 2022లో ప్రకటింపబడెను. తరగతిలో నున్న యెల్లరకు పాఠ్యాంశముగా ధ్యానము నేర్పిరి. మామూలుగా చెప్పు పాఠములకంటె దానివలన అదనపు మేలు కనబడలేదు. ఇంటివద్ద అభ్యాసము చేసిన పిల్లలు మిక్కిలి తక్కువ. ఈ రెంటిని ప్రక్కప్రక్కన పెట్టి చూడగా మాకు తోచున దేమనగా: కోరి వచ్చిన యువకునకు ధ్యానము మేలు చేయును, గంట కొట్టి వరుసలో కూర్చుండబెట్టిన బాలునకు అది మఱియొక హోంవర్కగును. కావున మన వసతిగృహమున దీనిని నిర్బంధము చేయవద్దు. హాజరుపట్టీ పెట్టవద్దు. "ధ్యానమునందు ప్రథమబహుమతి" యని పతకము మాత్రము ఇయ్యనే వద్దు.

మఱియొక హెచ్చరిక. కొందఱికి కన్నులు మూసికొని లోపలికి చూచుటవలన కలత తగ్గుటకు మాఱు హెచ్చును. పూర్వము ఘోరమైన యాపద ననుభవించినవారును, మతిభ్రమణవ్యాధి యున్నవారును, మిక్కిలి క్రుంగియున్నవారును వైద్యుని సలహా లేక దీర్ఘమౌనశిబిరములకు పోరాదు. మందులు వాడుచున్నవారు ధ్యానము దొరకినదని మందు మానరాదు. "ధ్యానము చేయుము, అంతయు సరిపోవును" అని చెప్పి పంపివేయుట, కాలు విఱిగినవానికి భజన నేర్పి పంపుట వంటిది.

మహాశయులారా, ఇక మా మనస్సులోని యసలు మాట. ధ్యానము బాలునకు భారము మోయుట నేర్పును. కాని ఆ భారమును ఎత్తుచున్నవా రెవరు? మనము. ఒక చేత మూట నెత్తిమీద పెట్టుచు, రెండవచేత "ఊపిరి చూచుకొనుము నాయనా" అనుట న్యాయమా? సంవత్సరమున కొకమాఱు ర్యాంకువచ్చినవారిని మాత్రమే వేదిక నెక్కించుచున్నాము. తప్పినవాని సంగతి సభలో నెత్తువారు లేరు. పెండ్లిపందిళ్లలో, "మీవానికి ప్యాకేజీ యెంత?" యని అడుగుచున్నాము. అమెరికా పంపుటకు పొలము తాకట్టు పెట్టి, వేల మైళ్ల దూరమున నున్న ఆ బాలునకు, ప్రతి ఆదివారమును ఫోనులో వడ్డీలెక్క వినిపించుచున్నాము. కులమనగా ఆపదలో నిలుచు బంధువర్గమని మన పెద్దలు తలచిరి. నేడది బాలునకు, తప్పినచో మొగము చాటుచేసికొనవలసిన జనసమూహమైనది. మేము చేవ్రాలు చేసిన యుత్తరము ఇందుకు సాక్ష్యము.

దేశము సంగతి చూడుడు. జాతీయ నేర నమోదు సంస్థ లెక్కల ప్రకారము 2022వ సంవత్సరమున భారతదేశమున తమ ప్రాణములు తామే తీసికొన్నవారిలో 13,044 మంది విద్యార్థులు. ఒక్కొక్క సంఖ్య వెనుక ఒక్కొక్క తల్లి యున్నది. విశాఖపట్టణమున వైద్యవిద్యా ప్రవేశపరీక్షకు చదువుచు 2023లో మరణించిన పదునేడేండ్ల బాలిక తండ్రి వేసిన వ్యాజ్యమునందు, 2025వ సంవత్సరము జులై 25వ తేదీని సుప్రీముకోర్టువారు విద్యార్థుల మానసికారోగ్యమునుగూర్చి 15 మార్గదర్శకసూత్రములు విధించిరి. నూఱుమందికి తక్కువగాని విద్యార్థులున్న విద్యాసంస్థ యోగ్యతగల సలహాదారు నొకరినైన నియమింపవలెననియు, మార్కులనుబట్టి పిల్లలను వేఱుపఱచి పదుగురిలో అవమానింపరాదనియు అందు కలదు. ఆ సూత్రములు వసతిగృహములకును వర్తించును. కోర్టు చెప్పకమునుపే చేయవలసినది, చెప్పిన పిమ్మటనైన చేయకుండుట మన సంఘమునకు గౌరవము గాదు.

కావున ఈ సభవారి పరిశీలనకై అయిదు ప్రార్థనలు సమర్పించుచున్నాము.

మొదటిది: ఒక విషయమునందు తప్పినంతమాత్రమున విద్యార్థివేతనము నిలుపు నియమమును రద్దు చేయవలెను. తప్పినవానికే సాయము ఎక్కువగా కావలెను. కాలు జాఱినపుడు చేయి విడుచుట బంధుధర్మము గాదు.

రెండవది: వసతిగృహమునకు వారమున కొకదినమైన మానసిక సలహాదారు వచ్చునట్లు ఏర్పాటు చేయవలెను. ఇందులకు కావలసిన సొమ్మును పోషకులలో నొకరు తమ తల్లిదండ్రుల పేర శాశ్వతనిధిగా నిచ్చినచో, అది ఏ శిలాఫలకముకంటెను తక్కువ కీర్తి గాదు.

మూడవది: ప్రతి సెమిస్టరు ప్రారంభమున కోరినవారికి ఎనిమిదివారముల ధ్యానశిక్షణ నేర్పింపవలెను. దీనికి పాలరాతి మందిర మక్కఱలేదు. గాలి వచ్చు గది, నాలుగు చాపలు, యోగ్యతగల యుపాధ్యాయుడు చాలును. ఆడుపిల్లల వసతిగృహమునకును ఇది వర్తింపవలెను.

నాలుగవది: 14416 అను సంఖ్యను ప్రతి గదితలుపుమీద వ్రాయింపవలెను. ఇది 2022వ సంవత్సరము అక్టోబరు 10వ తేదీని ప్రారంభమైన టెలి-మానస్ అను ప్రభుత్వ సహాయకేంద్రపు ఫోను సంఖ్య. ఇరువదినాలుగు గంటలును పనిచేయును, రుసుము లేదు, తెలుగున మాటలాడవచ్చును.

అయిదవది సంచికనుగూర్చినది. ర్యాంకులవారి ఫోటోలు వేయవద్దని మేము చెప్పము. వారి శ్రమ గౌరవింపదగినదే. కాని వానితోపాటు, తప్పి మరల లేచినవారి కథలను, వారనుమతించినచో పేర్లు లేకుండనైనను ప్రచురింపుడు. ఈ సభలో కూర్చున్న వకీళ్లు, వైద్యులు, ఇంజనీర్లు, వర్తకులు ఎందఱు తమ యౌవనమున తప్పలేదు? ఆ సంగతి పిల్లలకు చెప్పినవా రెందఱు? మేమును బి.ఎస్సీ.లో ఒకమాఱు తప్పితిమి. ముప్పదియేండ్లు పాఠములు చెప్పియు ఏ విద్యార్థికిని ఈ మాట చెప్పలేదు. ఆ బాలునకు మొదట చెప్పితిమి. నేడు మీకు చెప్పుచున్నాము.

తల్లిదండ్రులకొక మనవి. రాత్రి ఫోను చేసినపుడు మార్కుల నడుగకమునుపు, "అన్నము తింటివా? నిద్ర పట్టినదా?" యని యడుగుడు. "పట్టలేదు" అని బిడ్డ చెప్పినచో, ఉపదేశము మాని వినుడు. మారుపలుకక వినుటయు ఎఱుకయే. ధ్యానము పిల్లలకు మాత్రమే గాదు. బిడ్డ మాట పూర్తియగువఱకు నోరు మెదపకుండుట పెద్దలు చేయదగిన మొదటి యభ్యాసము.

ఆ బాలుని సంగతి యేమైనదని మీరు తలపోయుచుందురు. తప్పిన మూడు విషయములలో రెండింట ఉత్తీర్ణుడయ్యెను. ఒకటి మిగిలినది. వైద్యునికడకు నెలకొకమాఱు పోవుచున్నాడు. ఆదివారము ఉదయమున ధ్యానమునకు చాపలు పఱచునది అతడే. మొన్న సంక్రాంతికి ఊరికి పోయి వచ్చెను. "ఊరివారేమనిరి నాయనా?" అని యడిగితిమి. "ఎవరును ఏమియు ననలేదు మాస్టారూ. మా నాయన బస్సుకడ నిలుచుండి, చిక్కిపోయితివేమిరా అనెను, అంతే" అని చెప్పి నవ్వెను. ఆ నవ్వు చూచుటకు మాకు ఇన్నినాళ్లు పట్టినది.

ఆ బాలుని విద్యార్థివేతనము మాత్రము నియమావళి ప్రకారము ఇంకను నిలిచియే యున్నది. దానిని మరల నిచ్చుట మా చేతిలో లేదు. ఈ సభ చేతిలో నున్నది. మా మొదటి ప్రార్థనను సభవారు నేటి సాయంకాలపు తీర్మానములలో చేర్చి యామోదింతురని నమ్ముచున్నాము.